కంప్యూటర్ లేని రోజుల్లో రోలర్ కోస్టర్‌ను ఎలా నమ్మారు?

న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ 1927 జూన్ 26న మొదలైంది. ఎత్తు 85 అడుగులు, మొదటి దిగుడు దాదాపు 60 డిగ్రీల వాలు, టికెట్ 25 సెంట్లు. బండికి ఇంజిన్ లేదు, డ్రైవర్ లేడు. గొలుసు పట్టుకుని పైదాకా లాగి వదిలేస్తుంది, అక్కడినుంచి దాన్ని నడిపేది దాని బరువే. లెక్కలు వేయడానికి కాగితం, పెన్సిల్, స్లైడ్ రూల్ తప్ప మరేమీ లేని కాలమది. అయినా వందేళ్లు కావస్తున్నా సైక్లోన్ చెక్క పట్టాల మీద జనం ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

ఎక్కినవాళ్లు క్షేమంగా దిగుతారని కట్టినవాళ్లకు ముందే ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: మనుషుల బదులు సీట్లలో ఇసుక బస్తాలు వేసి తిప్పి చూశారు. అది నిజమే, కానీ సగమే నిజం. కట్టడం బరువు మోస్తుందా లేదా అన్నది బస్తా చెబుతుంది. బండి పట్టా మీదినుంచి లేస్తుందా? చలి పొద్దున కూడా చుట్టు పూర్తి చేస్తుందా? లోపల కూర్చున్న మనిషి ఒంటికి ఏమవుతుంది? వీటన్నిటికీ బస్తా ఒక్కటే జవాబు చెప్పలేదు. ఒక్కో జవాబు ఒక్కో చోట, చాలాసార్లు కట్టేశాకే దొరికింది. కోస్టర్ పరీక్ష చరిత్ర అంటే, భద్రత మనిషి చేతిలోని బ్రేకు నుంచి కొద్దికొద్దిగా పట్టా ఆకారంలోకీ, చక్రాల అమరికలోకీ ఎలా మారిందన్నదే అని నా ఉద్దేశం.

జాతరల్లో రంగులరాట్నం, నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ మనకు బాగా తెలుసు. వాటిని తిప్పేవాడు ఏ క్షణంలోనైనా ఆపగలడు, ఎందుకంటే వేగం అతని చేతిలోనే ఉంటుంది. కోస్టర్‌లో ఆ వీలు లేదు. శిఖరం దాటాక జరగబోయేదంతా పట్టా గీసిన రోజే నిర్ణయమైపోయి ఉంటుంది. మొదట్లో మాత్రం పరిస్థితి ఇలా లేదు.

పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ అనే ఊళ్లో 1827లో కొండ మీది గని నుంచి బొగ్గు దింపడానికి ఒక రైలు మార్గం వేశారు. బొగ్గు బండ్లు వాలు మీద తమంతట తామే దిగేవి. ఖాళీ బండ్లను పైకి లాగే కంచరగాడిదలు కూడా తిరుగు ప్రయాణంలో బండ్లెక్కి కిందికి వచ్చేవి. బొగ్గు రవాణాకు వేరే దారి పడ్డాక, 1870ల నుంచి ఆ మార్గం సరదా ప్రయాణాలకు పేరు పొందింది. అంటే మనుషులు డబ్బిచ్చి ఎక్కేనాటికే ఆ పట్టాలు ఏళ్ల తరబడి బొగ్గు బరువు మోసి ఉన్నాయి. ఇంతకంటే కఠినమైన బరువు పరీక్ష ఆ తర్వాత ఏ కోస్టర్‌కూ జరగలేదేమో. కానీ వేగం మాత్రం బ్రేకు పట్టుకున్న మనిషి చేతిలోనే ఉండేది.

1884లో లామార్కస్ ఆడ్నా థాంప్సన్ కోనీ ఐలండ్‌లో స్విచ్‌బ్యాక్ రైల్వే ప్రారంభించాడు. 600 అడుగుల పొడవు, గంటకు 6 మైళ్ల వేగం, అంటే చురుగ్గా నడిచేవాడికంటే కాస్త ఎక్కువ. టికెట్ 5 సెంట్లు. బండి ఒక కొస నుంచి జారుతూ రెండో కొసకు చేరితే, అక్కడ పనివాళ్లు దాన్ని మళ్లీ ఎత్తుకు చేర్చేవారు. ఇంత నెమ్మదైన బండికి పరీక్ష పెద్ద సమస్యే కాదు. జనం ఎగబడ్డారు, పోటీదారులు పుట్టుకొచ్చారు. ఒకటి రెండేళ్లలోనే పట్టా గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే రావడం, బండిని గొలుసుతో పైకి లాగడం అన్నీ వచ్చేశాయి. ఆ తర్వాత పోటీ వేగం మీదికి మళ్లింది. చిక్కులు అక్కడే మొదలయ్యాయి.

మొదటి చిక్కు: బండి గాల్లోకి లేవడం.

తొలినాటి కోస్టర్ల బండ్లు చెక్క తొట్టెలాంటి దారిలో పోయేవి. కింద బరువు మోసే చక్రాలు, పక్కలకు ఒరిగి పలకలను రాసుకుంటూ పోయే చిన్న చక్రాలు ఉండేవి. పట్టాకు అడుగున మాత్రం ఏమీ ఉండేది కాదు. బండిని దారిలో ఉంచేది దాని బరువొక్కటే. గుట్ట శిఖరం దాటేటప్పుడు బండి ముందుకే దూసుకుపోవాలని చూస్తుంది, పట్టా కిందికి వంగుతుంది. ఆర్టీసీ బస్సు వెనక సీట్లో కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద మనం సీటు మీదినుంచి లేచినట్టే, శిఖరం మీద బండి కూడా పట్టా వదిలి లేవబోతుంది. దీనికి లెక్క చాలా సులువు. శిఖరం వంపు వ్యాసార్ధం 5 మీటర్లనుకుందాం. సెకనుకు 7 మీటర్లు, అంటే గంటకు దాదాపు 25 కిలోమీటర్లు దాటితే బండిని పట్టా మీద అదిమి ఉంచడానికి గురుత్వాకర్షణ సరిపోదు.

ఈ హద్దు ఎలా ఉండేదో ఇప్పటికీ చూడొచ్చు. పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో, లేక్‌మాంట్ పార్కులో 1902లో కట్టిన లీప్-ద-డిప్స్ ఇంకా నిలబడి ఉంది. ఇప్పుడు మిగిలి ఉన్న కోస్టర్లలో అదే అతి పాతది. ఎత్తు 41 అడుగులున్నా, అతి పెద్ద దిగుడు 9 అడుగులే. వేగం గంటకు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. ఆ దిగుడు చిన్నగా ఉండటం కట్టినవాళ్ల పిరికితనం వల్ల కాదు. అడుగు చక్రం లేని బండికి నిటారు దిగుళ్లు క్షేమం కాదు, అంతే. ఆ కాలపు కోస్టర్ల ఎత్తునూ వాలునూ నిర్ణయించింది ఊహాశక్తి కాదు, ఈ ఒక్క లెక్కే.

ఈ హద్దును బద్దలు కొట్టినవాడు జాన్ ఎ. మిల్లర్. కోస్టర్ల చరిత్రలో ఒక్క పేరే చెప్పమంటే నేను థాంప్సన్‌ను కాదు, మిల్లర్‌నే చెబుతాను. వందకు పైగా పేటెంట్లు తీసుకున్న మనిషి. 1919లో పేటెంట్ పొందిన ఆయన ఆలోచన చెప్పడానికి చిన్నదే: బండికి పట్టా అడుగున కూడా చక్రాలు పెట్టడం. దీన్ని దగ్గరగా చూస్తే ఇందులోని తెలివి అర్థమవుతుంది. చెక్క కోస్టర్ పట్టా ఒకే దుంగ కాదు. ఏడెనిమిది పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులు, బోల్టులతో బిగించిన దొంతర. పై పలకలు కింది పలకలకంటే వెడల్పుగా ఉండి, ఒక పక్కకు అంచులా పొడుచుకు వస్తాయి. ఆ అంచు మీద, పక్కన, అడుగున సన్నని ఉక్కు పట్టీలు పరుస్తారు. బండికి మూడు రకాల చక్రాలుంటాయి. ఒకటి పై పట్టీ మీద దొర్లుతుంది, ఒకటి పక్క పట్టీని ఆనుకుంటుంది, మూడోది అంచు కిందికి దూరి ఉంటుంది. బండి లేవబోతే ఆ మూడో చక్రం అంచు అడుగుకు తగిలి ఆపేస్తుంది. అంటే పట్టాను మూడు వైపుల నుంచీ పట్టుకున్న బండి ఇది. ఇక బండి పట్టా వదలలేదు.

దీని ఫలితం ఏమిటో గమనించండి. అప్పటిదాకా "బండి లేవకూడదు" అన్నది పట్టా గీసేవాడికి హద్దు. మిల్లర్ తర్వాత, మనిషి సీటు మీదినుంచి లేవడమే ఈ ఆటలో అసలు సరదా అయింది. 1920లలో అమెరికాలో చెక్క కోస్టర్లు అంత ఎత్తుకు, అంత నిటారుగా లేచాయంటే కారణం ఈ చిన్న చక్రమే. సైక్లోన్ 60 డిగ్రీల దిగుడు కూడా దీని పుణ్యమే.

మిల్లర్ ఇంకో పనీ చేశాడు. గొలుసు బండిని పైకి లాగుతున్నప్పుడు గొలుసే తెగితే? బండి వెనక్కి జారకుండా, పట్టా మధ్యలో వరసగా ఇనుప పళ్లు అమర్చి, బండి అడుగున వేలాడే ఒక కొక్కెం ఒక్కో పంటి మీదినుంచి జారి పడేలా ఏర్పాటు చేశాడు. ముందుకు పోనిస్తుంది, వెనక్కి ఒక్క పన్ను కూడా పోనివ్వదు. కోస్టర్ ఎక్కుతున్నప్పుడు వినిపించే టక్ టక్ చప్పుడు ఇదే. చాలామంది ఆ చప్పుడుకే టెన్షన్ పడతారు. నిజానికి ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ మీరు వెనక్కి జారరు.

ఇప్పుడు అసలైన తలనొప్పి దగ్గరకు వద్దాం. బయట ఎవరూ పెద్దగా మాట్లాడని విషయమిది: ఘర్షణ.

ఒకే కోస్టర్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పరిగెడుతుంది. చల్లని పొద్దున చక్రాల బేరింగుల్లో గ్రీజు గట్టిగా ఉంటుంది, బండి బద్ధకంగా కదులుతుంది. నాలుగు గంటలు తిరిగేసరికి గ్రీజు కరిగి, అదే బండి చురుగ్గా పరిగెడుతుంది. వాన పడి పట్టీలు తడిస్తే వేగం ఇంకా పెరుగుతుంది. పైగా నిండు బండి ఖాళీ బండి కంటే వేగంగా పోతుంది. బరువైనవీ తేలికైనవీ ఒకే వేగంతో పడతాయని బడిలో చదువుకున్నాం కదా అనిపించొచ్చు. అది గాలి అడ్డు లేనప్పటి మాట. చక్రాల ఘర్షణ బరువుతో పాటే పెరుగుతుంది, కానీ గాలి తట్టే దెబ్బ బండి ముందుభాగం ఎంత వెడల్పో దాన్నిబట్టే ఉంటుంది. నిండు బండికి అదే దెబ్బ లెక్కలోకి రాదు, ఖాళీ బండిని మాత్రం బాగా నెమ్మదింపజేస్తుంది.

కాబట్టి పట్టా గీసేవాడు ఒక బండి కోసం గీయడు. చలి పొద్దున నడిచే ఖాళీ బండి కూడా ఆఖరి గుట్ట ఎక్కాలి, లేదంటే రెండు గుట్టల మధ్య పల్లంలో ఆగిపోతుంది. అప్పుడు దాన్ని తాళ్లు కట్టి లాగడమే దారి. అదే పట్టా మీద వేసవి సాయంత్రం జనంతో కిక్కిరిసిన బండి పోతున్నప్పుడు ఎవరి మెడా నలగకూడదు, పట్టా మీద మితిమీరిన ఒత్తిడి పడకూడదు. ఈ రెండు కొసల మధ్య ఉన్న ఇరుకు సందులోనే కోస్టర్ బతకాలి.

ఖాళీ బండిని తిప్పడం, ఆ తర్వాత ఇసుక బస్తాలతో తిప్పడం ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. అవి ఒకే పరీక్ష రెండుసార్లు చేయడం కాదు. ఖాళీ బండి ఒక కొసను, నిండు బండి రెండో కొసను తాకి చూస్తాయి. రెండూ దాటాకే మనుషులు ఎక్కుతారు. ఈ వరస నేటికీ మారలేదు, ఇసుక బదులు నీళ్లు నింపిన ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయంతే. పరీక్షలో బండి బద్ధకిస్తే వడ్రంగులు గుట్టను కాస్త దించేవారు, దూకుడు ఎక్కువైతే బ్రేకు జోడించేవారు. చెక్కతో ఉన్న గొప్ప సుగుణం ఇది: రంపం, సుత్తి, కొత్త పలక చాలు, దిద్దుకోవచ్చు.

పాతకాలపు పరిష్కారం ఇంకొకటి ఉంది: బండిలోనే బ్రేకు మనిషిని ఉంచడం. మెల్‌బోర్న్ లూనా పార్కులో 1912లో మొదలైన సీనిక్ రైల్వేలో, కోపెన్‌హేగన్ టివోలీలో 1914 నాటి రుట్షెబానెన్‌లో బ్రేకు మనిషి బండితో పాటే ప్రయాణిస్తాడు. బండి నిండిందా, రోజు చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నది అతని చేయి ఎప్పటికప్పుడు లెక్క చూసుకుంటుంది. ఈ రెంటినీ పాత వస్తువులుగా కాపాడుకోవడం మాత్రమే కాకుండా నడుపుతూనే ఉన్నందుకు ఆ పార్కులను మెచ్చుకోవాలి. ఆ పద్ధతి ఎలా పనిచేసేదో అద్దాల పెట్టెలోని బొమ్మను చూస్తే తెలియదు.

ఇసుక బస్తాకు మెడ ఉండదు. ఈ మాట అర్థం కావాలంటే 1895కు వెళ్లాలి.

కోనీ ఐలండ్‌లోనే, పాల్ బాయ్‌టన్ నడిపిన సీ లయన్ పార్కులో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి ఉండేది. బండి పూర్తిగా తలకిందులై తిరిగే సున్నా దాని ప్రత్యేకత. ఆ సున్నా అచ్చంగా వృత్తాకారం, వ్యాసం 25 అడుగులు. పై భాగంలో బండి పడిపోకుండా ఉండాలంటే కింద ప్రవేశించేటప్పుడే కావలసినంత వేగం ఉండాలి. ఈ కొలతకు అది గంటకు దాదాపు 49 కిలోమీటర్లు. ఆ వేగంతో సమతలం నుంచి ఒక్కసారిగా వృత్తంలోకి దూరితే, ఘర్షణ లేదనుకున్నా సరే, మనిషి తన బరువుకు 6 రెట్లు అనుభవిస్తాడు. ఈ 6 అన్న అంకె వృత్తం చిన్నదా పెద్దదా అన్నదాన్నిబట్టి మారదు. వృత్తాకారపు సున్నా ఎంత పెద్దగా కట్టినా కనీసం 6 రెట్లే. సమస్య కొలతది కాదు, ఆకారానిది.

ఫ్లిప్ ఫ్లాప్ మీద 12 రెట్ల బరువు పడేదని తరచూ రాస్తుంటారు. ఆ అంకెను నేను అక్షరాలా తీసుకోను, పై లెక్క ప్రకారం దానికి కనీసం 69 అడుగుల ఎత్తు నుంచి దిగాలి. కానీ వాదన అక్కర్లేదు, 6 రెట్లే ఎక్కువ. అంత బరువు కొద్దికొద్దిగా కాకుండా ఒక్క తృటిలో మీద పడటం మెడకు ఇంకా ప్రమాదం. ఇదంతా ఇసుక బస్తా దాచేసింది. బస్తాలు సున్నా చుట్టి చక్కగా బయటికి వస్తాయి, ఒక్కటీ చినగదు. కట్టడం పరీక్షలో నెగ్గింది, మనిషి ఒళ్లు ఓడింది.

1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ కోనీ ఐలండ్‌లోనే లూప్ ద లూప్ కట్టాడు. ఈసారి సున్నా గుండ్రం కాదు, కోడిగుడ్డులా సాగిన ఆకారం. ఒంటికి చాలా హాయి. కానీ ఒక్కో బండిలో నలుగురే పట్టేవారు, ఎక్కేవాళ్ల కంటే నిలబడి చూసేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కన డబ్బు రాలేదు, కొన్నేళ్లకే మూతపడింది. తలకిందులు తిరగడం అనే ఆలోచన దశాబ్దాల పాటు మరుగున పడింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో రెవల్యూషన్ వచ్చాక గానీ నిలువు సున్నా స్థిరపడలేదు. అది ఉక్కు కోస్టర్. వెర్నర్ స్టెంగెల్ గీసిన ఆ సున్నా కిందివైపు విశాలం, పైవైపు ఇరుకు. వేగం ఎక్కువున్న చోట వంపు తక్కువ, వేగం తగ్గిన చోట వంపు ఎక్కువ. బరువు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఈ రోజు ఎక్కడ చూసినా కోస్టర్ సున్నా నీటి బొట్టు ఆకారంలో ఉండటానికి కారణం ఇదే.

ఒంటిని మరచిపోతే ఏమవుతుందో చెప్పే ఇంకో ఉదాహరణ కెనడాలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్రిస్టల్ బీచ్‌లో దొరుకుతుంది. హ్యారీ ట్రేవర్ 1927లో అక్కడ కట్టిన సైక్లోన్ (కోనీ ఐలండ్ దానికీ దీనికీ సంబంధం లేదు) మెలికల మీద మెలికలు తిరిగి ఎక్కడా ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. స్టేషన్‌లో ఒక నర్సును పెట్టుకోవాల్సి వచ్చింది. కట్టడం బలంగానే నిలబడింది. అయినా జనం తగ్గారు, ఖర్చులు పెరిగాయి, 1946లో మూసేశారు. దాని ఉక్కునే వాడి 1948లో అక్కడే కామెట్ అనే కొత్త కోస్టర్ కట్టారు. ఆ కామెట్‌ను తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ ఎస్కేప్ పార్కుకు తరలించారు. 1994 నుంచి అది అక్కడ పరిగెడుతోంది, జనానికి ఇష్టమైన కోస్టర్లలో అదొకటి. సామగ్రి అదే, తేడా అంతా పట్టా గీతలోనే.

ఇంతదూరం వచ్చాక, మొదట చెప్పిన కోనీ ఐలండ్ సైక్లోన్ గురించి ఒక అంకె తేల్చుకోవాలి. దాని గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లని ఎక్కువ చోట్ల రాసి ఉంటుంది. 85 అడుగుల ఎత్తు నుంచి ఘర్షణ అసలే లేకుండా దిగినా గంటకు 50 మైళ్లే వస్తాయి. 60 రావాలంటే 120 అడుగుల ఎత్తు కావాలి. ఎత్తు 85 అడుగులైనప్పుడు 60 మైళ్లు అసాధ్యం. మీరు ఏ కోస్టర్ దగ్గర నిలబడినా ఈ లెక్క పనికొస్తుంది: దిగుడు ఎన్ని మీటర్లో దాన్ని 19.6తో గుణించి వర్గమూలం తీస్తే, సెకనుకు ఎన్ని మీటర్ల వేగం మించదో తెలిసిపోతుంది. గొలుసుతో ఎక్కించి వదిలే కోస్టర్ ఏదీ ఈ హద్దును చెప్పుకోదగ్గంతగా దాటలేదు. ప్రచారంలో రాసే అంకెలన్నీ దీని ముందు నిలబెట్టి చూడాలి.

చెక్క కోస్టర్ ఊగుతుంది కాబట్టి ప్రమాదం అనుకునేవాళ్లు చాలామంది. ఆ ఊగడం కావాలనే వదిలిన వెసులుబాటు. చెక్క కట్టడం బండి దెబ్బను కొద్దిగా వంగి తీసుకుంటుంది, మళ్లీ నిటారవుతుంది. పూర్తిగా బిగుసుకుపోతే ఆ దెబ్బ అంతా కీళ్ల మీద, బోల్టుల మీద పడుతుంది. అయితే ఇలా వంగుతూ ఉండటం వల్ల మేకులు లేస్తాయి, బోల్టులు వదులవుతాయి, పలకలు తేమకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటాయి. అందుకే చెక్క కోస్టర్లున్న పార్కుల్లో గేట్లు తెరిచే ముందు పొద్దున్నే మనుషులు పట్టా వెంట కాలినడకన తిరుగుతారు. చేతిలో సుత్తి, రెంచి, నడుముకు భద్రతా తాడు. లేచిన మేకును కొడతారు, వదులైన బోల్టు బిగిస్తారు, పుచ్చిన పలకకు గుర్తు పెడతారు. ఆ తర్వాత ఖాళీ బండిని తిప్పి చూస్తారు. 1978లో అమెరికాలో ఏఎస్‌టీఎం సంస్థ వినోద సవారీల ప్రమాణాల కోసం ఎఫ్24 కమిటీ ఏర్పాటు చేసింది. ఇప్పుడు బండిలో యాక్సెలరోమీటర్ పెట్టి, మనిషి ఒంటి మీద ఏ దిక్కున ఎంత బరువు ఎంతసేపు పడుతోందో కొలుస్తారు. ఫ్లిప్ ఫ్లాప్ రోజుల్లో బస్తా చెప్పలేకపోయిన జవాబును ఈ చిన్న పరికరం చెబుతోంది. కానీ యాక్సెలరోమీటర్ వచ్చాక కూడా పట్టా వెంట నడిచే మనిషి అవసరం పోలేదు.

పలకలు ఇలా ఒక్కొక్కటే మారుతూ పోవడం వల్ల, పాత కోస్టర్‌లో తొలినాటి చెక్క కొద్దిగానే మిగులుతుంది. కాబట్టి 'వందేళ్ల నాటి చెక్క మీద తిరుగుతున్నారు' అన్న భయానికి ఆధారం లేదు. పాతది గీత, చెక్క మాత్రం కొత్తది.

హైదరాబాద్ వండర్‌లాలోని రికాయిల్ లాంటి ఉక్కు కోస్టర్లకు ఈ రోజువారీ వడ్రంగం అక్కర్లేదు. వాటికి అతుకుల్లో పగుళ్లు, చక్రాల అరుగుదల వంటి వేరే తనిఖీలుంటాయి. 2011లో టెక్సస్‌లో న్యూ టెక్సస్ జైంట్‌తో ఇంకో దారి తెరుచుకుంది: పాత చెక్క కట్టడాన్ని అలాగే ఉంచి, పైన పలకల దొంతర తీసేసి ఉక్కు పట్టా వేశారు. కుదుపు పోయింది, తలకిందులు తిరగడం కూడా ఇలాంటి పట్టాలతో సాధ్యమైంది. బాగా పాడైపోయి కూల్చే స్థితికి వచ్చిన కోస్టర్లకు ఇది మంచి మందు. కానీ సైక్లోన్ లాంటివాటి పట్టాను ఇలా మార్చకూడదని నా గట్టి అభిప్రాయం. చెక్క పట్టా ఉన్నంత కాలం దాన్ని పేర్చడం, దిద్దడం తెలిసిన వడ్రంగులు ఉంటారు. పుస్తకాల్లో లేనిది వాళ్ల చేతుల్లో ఉంటుంది, ఒక తరం పని ఆగితే అది తిరిగి రాదు.